ఎదురేటిపట్నం చరిత్రకు సవరణలు

ఆగస్టు 19, మంగళవారం

తప్పు, సారూ. ఎదురేటిపట్నాన్ని కట్టించింది రాజు కాదు. పోయిన వారం కూడా మనుమరాలి ముందు అదే మాట అన్నారు, చేతిలో పప్పు గిన్నె పట్టుకుని, గట్టిగా. మీకు కొడుకు పేరు గుర్తు లేదు, ఉన్న ఇల్లు గుర్తు లేదు, పొద్దున పళ్ళు తోముకున్నారో లేదో గుర్తు లేదు. లేని రాజు మాత్రం కిరీటంతో సహా గుర్తున్నాడు. భూగోళం మాస్టర్లు చరిత్రలో వేలు పెడితే ఇట్లాగే ఉంటుంది.

ఈసారి కాగితం మీద రాస్తున్నాను, మీరు కాదనడానికి వీల్లేకుండా. జాలేరు ఒడ్డున మొదట ఉన్నది ఒక్కటే గుడిసె. అది ఓడ నడిపే సక్కమ్మది. ఆమె మొగుణ్ణి ఏరు తీసుకుపోయింది. జాలేరుకు ఒక గుణం ఉంది. ఏడాదిలో ఒక్క పూట అది వెనక్కి పారుతుంది. తీసుకుపోయిన వాటిలో కొన్నింటిని తిరిగి ఒడ్డున పెడుతుంది. ఒక ఏడు చెంబు, ఒక ఏడు దూడ, ఎప్పుడో ఒకసారి మనిషి. ఆ పూట కోసం సక్కమ్మ ఒడ్డున కూర్చుంది. కొడుకును పోగొట్టుకున్న ఇంకొకామె వచ్చి పక్కన కూర్చుంది. కూర్చున్న వాళ్ళకు నీడ కావాలి కనుక పందిళ్ళు వేశారు. ఆకలేస్తుంది కనుక పొయ్యిలు పెట్టారు. ఒకరి పొయ్యి పొగ ఇంకొకరి కళ్ళల్లో పడుతుంది కనుక గోడలు లేపారు. పట్నం అట్లా పుట్టింది. రాజు చాలా తర్వాత వచ్చాడు, పన్ను వసూలుకు.

ఈ పట్నాన్ని మనిద్దరం కలిసి పుట్టించాం. చెన్నూరు బడిలో వాన పడి పిల్లలు సగమే వచ్చిన రోజున మీరు బోర్డు మీద లేని నది గీసి, దాని ఒడ్డున లేని పట్నం గీసి, దిక్కులు చెప్పమన్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాతో గొప్ప చెప్పుకుంటే, చరిత్ర టీచర్ని కదా, దానికి చరిత్ర ఏదని అడిగాను. అప్పటినుంచి అన్నాలయ్యాక అదే మన జగడం. మీది నేల, నాది కాలం. మన గోపాల్ ఆ జగడం వింటూ పెరిగాడు. వాడి బిడ్డ సృజన కూడా. ఇప్పుడు మీ బుర్రలోంచి అన్నీ ఒక్కొక్కటే సామాను సర్దుకుని పోతే, ఆ పట్నం ఒక్కటే కదలలేదు. నన్ను కూడా మరిచిపోయి, ఓడ నడిపే సక్కమ్మను చేశారు.

"సక్కమ్మా, ఓడ ఎప్పుడొస్తది?" రోజూ పొద్దున వంటింటి గడపలో నిలబడి అడిగేవారు.

"మీరు ముందు పోయి కూసోండ్రి సారూ. నేను ఓడ తెస్త."

వెళ్ళి వసారాలో కుర్చీలో బుద్ధిగా కూర్చునేవారు, అన్నానికి పిలిచేదాకా. డాక్టరు రాసిన మందులకంటే ఈ ఒక్క మాటే బాగా పనిచేసేది.

శనివారం, కృష్ణాష్టమి నాడు కూడా అదే అడిగారు. అదే చెప్పాను. అన్నానికి పిలిస్తే కుర్చీ ఖాళీ. గొడుగు లేదు, చెప్పులు లేవు, మీరు లేరు.

రేవు దగ్గర మిమ్మల్ని చూసినట్టు ఎవరో చెప్పారు. గోదారి గంగ నిండా పారుతోంది. పోలీసులు, చేపలు పట్టేవాళ్ళు కింద బరాజు దాకా వెతుకుతున్నారు. వెతకనివ్వండి. వాళ్ళకూ పని కావాలి. మీరు ఏ సత్రంలోనో కూర్చుని ఎవరి చేతనో అన్నం పెట్టించుకుంటున్నారని నాకు తెలుసు. ఉప్పు తక్కువైందని వాళ్ళకు వంక కూడా పెట్టి ఉంటారు.

ఆగస్టు 21, గురువారం

నీళ్ళు తగ్గలేదు.

ఆగస్టు 24, ఆదివారం

మీ చెల్లెలు లింగవ్వ ఆసిఫాబాద్ నుంచి దిగింది. బస్టాండులో మొదలుపెట్టిన ఏడుపు మన గేటు దాకా ఆపకుండా తెచ్చింది. కాళ్ళు కడుక్కుని, చాయ్ తాగి, అసలు సంగతికి వచ్చింది.

"వదినె, ఎన్నొద్దులని గిట్ల కూసుంటవ్? మా అన్న గంగల కల్సిండు. ఒప్పుకో."

"నువ్వు చూసినవా?"

"సూడాల్నా? వానకాలం గంగ. మతిలేని మనిషి."

"మతిలేని మనుషులంత గంగల పడితే, లింగవ్వా, చెన్నూరు సగం ఖాళీ కావాలె."

కోడలు మంజుల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను చూడలేదు.

"గా బొట్టు జర చిన్నగ పెట్టుకో. ఊరోళ్ళు సూస్తుండ్రు."

"చిన్నగ పెట్టుకుంటే మీ అన్న సగం సచ్చిండనుకుంటరా?"

లింగవ్వ చెంపలు వేసుకుంది. తర్వాత గొంతు తగ్గించి అసలు భయం చెప్పింది. పెత్రమాస వస్తోంది. ఆ రోజు ప్రతి ఇంట్లో చనిపోయిన వాళ్ళ పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. అవి అందితేనే వాళ్ళకు ఏడాది తిండి. "మన ఇంట్ల అందరి పేరు సదివి మా అన్న పేరు సదవకపోతే, ఆయన అందరి ఇస్తార్ల దిక్కు సూసుకుంట ఆకలితోటి తిరుగుతడు వదినె. నీకు సమ్మతమేనా?"

"బతికున్న మనిషి పేరు మీద బియ్యం ఇస్తే ఏమైతది?"

చెప్పలేని జవాబులు మీ వంశంలో అందరికీ ఒకే రకంగా వస్తాయి, గోడ వైపు చూస్తారు.

పొద్దున అద్దం ముందు బొట్టు పెట్టుకుంటే వేలు పక్కకు పోయింది. తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ పక్కకు పోయింది. అట్లాగే ఉంచాను.

నీళ్ళు తగ్గలేదు.

ఆగస్టు 27, బుధవారం

వినాయకుణ్ణి కూర్చోబెట్టారు. వీధి చివర పందిట్లో పాటలు కిటికీ అద్దాలను ఊపుతున్నాయి. సృజన మంచిర్యాలలో కాలేజీకి సెలవని వచ్చి నా పక్కన పడుకుంది. ఇరవై ఏళ్ళు వచ్చాయి, ఇంకా నా చెవి పట్టుకుని పడుకుంటుంది.

"బాపమ్మా, పట్నం కథ చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. తాత లేనప్పుడు చెప్తే నీకు అడ్డం వచ్చేటోళ్ళు ఉండరు."

ఎండిన నూరేళ్ళ కాలం చెప్పాను. మీకు నచ్చని భాగం. జాలేరు తన దారి మార్చుకుని వెళ్ళిపోయింది. రేవులో మెట్లు మిగిలాయి, మెట్ల కింద ఇసుక మిగిలింది. పట్నం ఖాళీ అవుతుందని అందరూ అనుకున్నారు. కాలేదు. పూజారులు ఇసుకకు హారతి పట్టారు. యాత్రికులు ఇసుకలో మునిగి లేచి, ఒళ్ళు దులుపుకుని, పాపాలు పోయాయని సంతోషపడ్డారు. నీళ్ళున్నప్పటికంటే పట్నం మహిమ రెండింతలైంది. నీళ్ళుంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరైనా తిరిగి రావాలి కదా, రాకపోతే నిష్ఠూరం. ఇసుకను ఎవరు నిలదీస్తారు? ఒడ్డున ఎదురుచూసే ఆడవాళ్ళు మాత్రం ఆ నూరేళ్ళూ మెట్లు ఊడుస్తూనే ఉన్నారు. తల్లి ఊడ్చిన మెట్టును బిడ్డ ఊడ్చింది. ఎవరి కోసం కూర్చున్నామో మరిచిపోయారు, కూర్చోవడం మరిచిపోలేదు.

"మల్ల నీళ్ళు వచ్చినయా?"

"వచ్చినయి."

"మనుషులు వచ్చిన్రా?"

నిద్రపొమ్మన్నాను.

తర్వాత తనే మూడు ద్వారాలు అప్పజెప్పింది, చిన్నప్పుడు మీరు నేర్పినట్టే. పట్నానికి పోయేవాళ్ళు ఏటికి ఎదురు నడవాలి, నీళ్ళు వచ్చే దిక్కుకు. మొదటి ద్వారం దగ్గర చెప్పులు కొమ్మకు తగిలించాలి. రెండో ద్వారం దగ్గర కండువా విడిచి, అంచుకు మూడు ముళ్ళు వేసి కట్టాలి. మూడో ద్వారం దగ్గర పేరు ఇచ్చేయాలి. అక్కడ కూర్చుంటే సక్కమ్మ వచ్చి ఓడలో ఎక్కించుకుంటుంది. పేరు ఇచ్చేయడం మీ ఊహ. పేర్లు లేని పట్నంలో పన్నుల కచేరి ఒక్క రోజు నడవదని నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "అందుకే పెట్టిన కోమలా" అనేవారు. అప్పుడు నా పేరు మీకు నోటికి వచ్చేది.

ఆగస్టు 31, ఆదివారం

గోపాల్ అయ్యగారిని తీసుకొచ్చాడు. నన్ను అడగలేదు. తండ్రి పోలికే, అడగాల్సిన వాటిని అడగడు.

మనిషి కనబడకుండా పోతే పన్నెండేళ్ళు చూడాలట. నీళ్ళలో పోయాడని గట్టిగా తెలిస్తే మాత్రం చూడనక్కరలేదట. అప్పుడు మోదుగాకుల కాడలతో మనిషంత బొమ్మ కట్టి, తలకు కొబ్బరికాయ పెట్టి, ధోవతి కట్టి, దానికి నిప్పు పెడతారు. దాంతో మనిషి పోయినట్టు లెక్క. అట్లా ఆలస్యంగా చేసిన దానికి మూడు రోజుల మైల చాలు, పెత్రమాసకు అడ్డం రాదు. అయ్యగారు చాలా మర్యాదగా చెప్పారు, దర్జీ కొలతలు చెప్పినట్టు.

"మోదుగాకులా?" అన్నాను. "మా పెండ్లిల ఊరంత తిన్నది గా ఆకు ఇస్తార్లల్నే. మళ్ళ గవ్వేనా?"

"శాస్త్రమమ్మా."

"తెలిసిన్నాడే చేద్దురు. ఇప్పుడైతే నాకేం తెల్వలే. మీకు తెలిస్తే చెప్పండ్రి."

అయ్యగారు చాయ్ సగంలో వదిలి లేచారు. గోపాల్ గేటు దాకా వెళ్ళి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అవ్వా, నేను రోజు ఆఫీసుల కూసుంట. ఫోన్ మోగితే చేతులు చల్లవడుతున్నయి. బాపు దొరికిండని చెప్తరో, గంగల దొరికిండని చెప్తరో. ఏదన్న ఒకటి కావాలె నాకు."

యాభై ఏళ్ళ వాడు. వాడి తల మీద చెయ్యి వేద్దామని లేచాను. వాడు లోపలికి వెళ్ళిపోయాడు.

మోదుగాకుల బొమ్మకు నేను ఒప్పుకోను. మీకు ఆ ధోవతి కట్టు కూడా నచ్చదు.

సెప్టెంబరు 4, గురువారం

నీళ్ళు తగ్గాయి.

మధ్యాహ్నం లచ్చయ్య వచ్చాడు. మీ దగ్గర ఏడో తరగతి రెండుసార్లు చదివినవాడు, ఇప్పుడు గంగలో వలలు వేస్తాడు. గుమ్మం బయటే నిలబడి చేతిలో సంచి చూపించాడు.

"టీచరమ్మా, గివి సారువేనా?"

మీ చెప్పులు. ఎడమ దానికి మీరు కుట్టించిన నల్ల దారం అట్లాగే ఉంది.

"ఏడ దొరికినయి?"

"మీదికి. ఇసుక లారీలు దిగే కాడ నల్లతుమ్మ ఉంటది సూడు. దాని కొమ్మకు రెండు జోడుగ తగిలేసి ఉన్నయి. ముక్కులు మీది దిక్కుకు వెట్టి."

గోపాల్ అక్కడే ఉన్నాడు. "మీదికా?" అన్నాడు. "మీదికి ఎందుకు పోతడు? నీళ్ళు కిందికి కదా గుంజుతయి."

నాకు నవ్వు వచ్చింది, సారూ. ఎన్ని రోజుల తర్వాతో. ఊరు ఊరంతా, పోలీసులతో సహా, నీళ్ళు పోయే దిక్కుకు వెతికింది. పట్నం చరిత్ర రాసిన నేను కూడా వాళ్ళు పోయిన దిక్కుకే చూస్తూ కూర్చున్నాను. మీరు నీళ్ళలో పడలేదు. యాత్ర పోయారు.

"గోపాలూ, బండి తియ్యి. ముందట రెండో ద్వారం ఉంటది."

"అవ్వా! గది కథ."

"నీకు కథ. మీ బాపుకు కాదు."

వాడు నా ముఖం చూశాడు. మంజుల లోపలినుంచి బండి తాళాలు తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

సెప్టెంబరు 5, శుక్రవారం

నిన్న చీకటి పడేదాకా తిరిగాం, దొరకలేదు. ఇవాళ ఉపాధ్యాయుల దినోత్సవమని పాత పిల్లలు శాలువా తెస్తామని ఫోన్ చేశారు. మాకు శాలువాలు వద్దు, కండువా వెతుకుతున్నాం అన్నాను. వాళ్ళకు అర్థం కాలేదు, అయినా నలుగురు వచ్చి వెంట నడిచారు.

పత్తి చేన్ల వెంట, ఏటి గట్టు మీద, మోకాళ్ళు పట్టుకుని నడిచాను. మీరు ఎట్లా నడిచారో! గొడుగు ఉంది కదా, కర్రలాగా వాడి ఉంటారు. దాని పిడి విరిగితే నేను ఎర్ర నూలు చుట్టి ఇచ్చాను. మరమగ్గాల రాకేశ్ దగ్గర తెచ్చిన నూలు, రంగు పోదన్నాడు.

పొలాలకు నీళ్ళు తోడే మోటర్ల షెడ్డు ఉంది. దాని ముళ్ళకంచెకు మీ కండువా. అంచుకు మూడు ముళ్ళు. వానకు నాని, ఎండకు ఎండి అట్టలాగా ఉంది. సృజన దాన్ని ముఖానికి అదుముకుని, "తాత ఉన్నడు బాపమ్మా, తాత పోయిండు, నడుచుకుంట పోయిండు" అని ఎగిరింది. నలుగురు పాత పిల్లలూ చప్పట్లు కొట్టారు, మీరు ఏదో పరీక్ష పాసైనట్టు.

ఇంటికొచ్చి అద్దం ముందు బొట్టు సరిగ్గా మధ్యలో పెట్టుకున్నాను. లింగవ్వకు ఫోన్ చేసి పెత్రమాసకు మీ పేరు తీసెయ్యమన్నాను. బియ్యం మిగులుతాయి, ఖీర్ చేసుకుందామన్నాను.

సత్రం ఎక్కడో ఉంది. మూడో ద్వారం దాటి ఉంటుంది. నాకు తెలుసు.

సెప్టెంబరు 8, సోమవారం

రాయాలి కనుక రాస్తున్నాను.

మూడో ద్వారం దొరికింది. ఒక ఒర్రె వచ్చి గంగలో కలిసే చోట. వానలప్పుడు అది పొంగితే గంగకూ దానికీ తేడా ఉండదట. ఒడ్డున ఒక రేగు చెట్టు. దాని కొమ్మకు, మంజుల మీ మెడలో వేసిన కార్డు వేలాడుతోంది. మీ పేరు, మన ఊరు, గోపాల్ నంబరు. ఎక్కడ తప్పిపోయినా ఎవరైనా చూసి ఫోన్ చేస్తారని వేసింది. నాడాతో సహా తీసి, కొమ్మకు ముడి వేశారు.

దగ్గరలో కొమురెల్లి అనే గొర్ల కాపరి ఉన్నాడు. పెద్దవాడే. పిలిస్తే వచ్చాడు.

"గది ఎవలో ముడుపు గట్టిన్రు అనుకున్ననమ్మా. మొక్కుకొని గట్టినదాన్ని ముట్టద్దు గదా. నాకు సదువు రాదు."

"కట్టినాయన్ను చూసినవా?"

"ఎందుకు సూడలే. కృష్ణాష్టమి నాడు. ముసలాయన, గొడుగు ఏసుకొని గీ చెట్టు కింద కూసున్నడు. వాన దంచికొడ్తుంది. ఏం పేరు తాతా అన్న. 'ఇచ్చేసిన' అన్నడు. గదేం మాటనో! లే తాతా, ఒర్రె పొంగుతుంది, మా గుడిసెకు రా, ఇంత బువ్వ తిందువు అన్న. రాలే. 'ఓడ వస్తది' అన్నడు. గీడ ఓడ ఏందే అన్న. 'కూసొమ్మన్నది. నేను తెస్తనన్నది. లేస్తే నేను కనవడను' అన్నడు. రెక్క పట్టి గుంజిన కూడా. చెట్టును పట్టుకున్నడమ్మా, చిన్న పోరని తీరుగ. గొర్లు పరేషాన్ అవుతున్నయని తోలుకపోయిన. మల్ల వచ్చి సూస్తే చెట్టు నడుం దాక నీళ్ళు. తాత లేడు. ఎవలో వచ్చి తోలుకపోయిన్రనే అనుకున్న."

గోపాల్ ఒర్రె వైపు తిరిగి నిలబడ్డాడు.

"సక్కమ్మ సక్కమ్మ అన్నడు," అన్నాడు కొమురెల్లి. "మీ ఇంట్ల సక్కమ్మ ఎవలమ్మా?"

"నేనే బిడ్డా."

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. కోపం లేదు, తెలుసుకోవాలని అడిగాడంతే.

"మరి రాకపోతివేందమ్మా?"

సెప్టెంబరు 9, మంగళవారం

ఇవాళ రాయను.

సెప్టెంబరు 10, బుధవారం

పప్పులో ఉప్పు తక్కువైంది. ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

గోపాల్‌ను పిలిచి అయ్యగారికి చెప్పమన్నాను. వాడు ఏడ్చాడు, నేను ఒప్పుకున్నందుకు. ఒప్పుకోనన్నప్పుడు ఏడవలేదు. మగపిల్లల్ని పెంచడంలో ఎక్కడ తప్పాం, సారూ? ఈసారి తల మీద చెయ్యి వేయనిచ్చాడు.

మంజుల మూడు రోజులుగా ఒకటే మాట. "కార్డు నేనే ఏసిన అత్తమ్మా. జర గట్టి ముడి ఏసి ఉంటే తీసెటోడు కాదు."

"నీ ముడికి ఆగే మనిషైతే నా మాటకు ఎప్పుడో ఆగేటోడు," అన్నాను. "అన్నం తిను."

ఆమెకు చెప్పడం సులభం.

కార్డును ఇంటికి తెస్తానంది. వద్దన్నాను. రేగు చెట్టుకే మళ్ళీ కట్టి వచ్చాను. మీరు ఇచ్చేసిన దాన్ని వెనక్కి తీసుకోవడానికి నేనెవరు? పట్నం నియమాల్లో నాకు నచ్చనిది అదొక్కటే, అయినా చరిత్రకారులు నచ్చినవే రాస్తే దాన్ని చరిత్ర అనరు.

సెప్టెంబరు 17, బుధవారం

చేశారు.

బొమ్మ మీ కంటే పొడుగు వచ్చింది. కాడలు ఎక్కువయ్యాయట. కొబ్బరికాయకు కండువా చుడితే గోపాల్ చిన్నప్పుడు దసరాకు మీరు కట్టిన రుమాలు గుర్తొచ్చింది. ధోవతి వద్దన్నాను, ప్యాంటు కట్టమన్నాను. అయ్యగారు శాస్త్రం వెతికి, దొరక్క, సరేనన్నారు.

పేరు అడిగారు సంకల్పానికి. గోపాల్ "అంతయ్య" అన్నాడు. గట్టిగా అనమన్నారు. మళ్ళీ అన్నాడు. మీరు పలకరని నాకు తెలుసు. ఆ పేరు అక్కడ చెట్టుకు ఉంది.

పచ్చి కాడలు కదా, తొందరగా అంటుకోలేదు. పొగ. అందరి కళ్ళలో నీళ్ళు. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి పొగ తగిలిందో తెలియని ఏర్పాటు. మోదుగను పెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళు.

లింగవ్వ చేతిలో తడిగుడ్డతో వచ్చింది. నా ఎదురుగా నిలబడి, చెయ్యి ఎత్తి, ఆగింది. నేను కళ్ళు మూసుకున్నాను. చాలాసేపటికి తెరిచి చూస్తే ఆమె గుడ్డను పిండుతూ నిలబడి ఉంది, ఒక్క చుక్క రాకున్నా పిండుతూనే ఉంది.

"నాతోటి కాదు వదినె," అంది.

నేనే తుడుచుకున్నాను. మధ్యలోనే ఉంది, కష్టపడనక్కరలేకపోయింది.

సెప్టెంబరు 21, ఆదివారం. పెత్రమాస

బియ్యం ఇచ్చాం. వంకాయలు, గుమ్మడికాయ, చింతపండు, ఉప్పు. ఉప్పు నేనే పోశాను, రెండు గుప్పిళ్ళు ఎక్కువగా. అందరి పేర్ల చివర మీ పేరు చదివారు. సాయంత్రం వీధిలో ఎంగిలిపూల బతుకమ్మ ఆడారు. మన గుమ్మం ముందుకు రాగానే ఆడవాళ్ళు పాట గొంతు తగ్గించారు. సృజనను వెళ్ళమన్నాను. వెళ్ళి ఒక చుట్టు తిరిగి వచ్చేసింది.

"బాపమ్మా, పట్నం కథ ఇంక ఒడిసిందా?"

"సవరణ ఉంది," అన్నాను. "రాసినంక చెప్త."

ఇదీ సవరణ. సక్కమ్మ ఓడ నడిపిన కాలమంతటిలో ఒక్కసారి ఓడ ఆలస్యమైంది. కారణం చరిత్రలో లేదు. పొయ్యి మీద పప్పు ఉందని కొందరు అంటారు. మూడో ద్వారం దగ్గర ఒక ముసలాయన, సక్కమ్మ మాట ఇచ్చింది కనుక లేవకుండా కూర్చున్నాడు. జాలేరు ఆ దారిన పోతూ అతన్ని చూసింది. ఓడ రాకపోతే ఏరే వచ్చి ఎక్కించుకుంటుందని అప్పటినుంచి నియమం. దీనికి ఆధారాలు లేవు. వెనకటి నా విద్యార్థులు ఎవరైనా ఇట్లా రాస్తే సున్నా వేసేదాన్ని.

రాజు సంగతి కూడా మీ ఇష్టం. ఆయనే కట్టించాడని రాసుకోండి. ఇక మీతో వాదించే ఓపిక లేదు. వాదిస్తే జవాబు రాదు, జవాబు రాకపోతే నేను గెలిచినట్టు లెక్క. అట్లా గెలవడం నాకు చేతకాదు.

నాకు తొందర లేదు. గోపాల్ మూడు నెలలకు సరిపడా నా బీపీ మాత్రలు తెచ్చి పెట్టాడు, పారేయబుద్ధి కాదు. సృజనకు ఎండిన నూరేళ్ళ తర్వాతి కాలం ఇంకా చెప్పనే లేదు. వచ్చినప్పుడు వస్తాను.

ఈలోగా మీరు అక్కడ ఖాళీగా కూర్చోకుండా ఒక పని చేయండి. రేవు దగ్గర ఇల్లు చూడండి, అద్దెకైనా సరే. మేడ మీద వద్దు, నా మోకాళ్ళు మెట్లు ఎక్కవు. పొయ్యి పొగ పక్కవాళ్ళ మీదికి పోకుండా కిటికీ ఎటు ఉందో చూసుకోండి. నల్లాలో నీళ్ళు రోజూ వస్తాయో, రోజు విడిచి రోజు వస్తాయో ముందే అడగండి, తర్వాత నాతో తిట్లు తినకండి. నేను వచ్చేసరికి ఇద్దరికీ పేర్లు ఉండవు కనుక ఎవరిని అడిగినా దొరకరు. అందుకని ఆ గొడుగును, ఎర్ర నూలు చుట్టిన పిడి వీధి వైపు కనబడేటట్టు, తలుపు బయట తగిలించి పెట్టండి. వాన పడుతున్నా సరే, లోపలికి తీయకండి.